తీగ లేని ట్రాక్‌ప్యాడు ఏల మందగించును?

మా సహోపాధ్యాయులలో ఒకరు 30 సంవత్సరములకు పైగా గణితము బోధించుచున్నారు. 2025 ఏప్రిల్ మాసమున వార్షిక పరీక్షల మార్కులను కంప్యూటరులో ఎక్కించు భారము వారిపై పడెను. వారి చూపు కొంత మందగించి యుండుటచే, కార్యాలయపు లాప్‌టాపునకు 27 అంగుళముల మానిటరు నొకదానిని తగిలించితిమి. మౌసు పట్టుకొన్న కొలదిసేపటికే మణికట్టు నొచ్చుచున్నదని వారు చెప్పగా, తీగ లేని ట్రాక్‌ప్యాడు నొకదానిని తెచ్చి వారి ముందుంచితిమి. లాప్‌టాపు మూత మూసి మానిటరు వెనుక నిలిపితిమి. దాని ప్రక్కనే హబ్బు, హబ్బునకు మార్కుల నకలు భద్రపరచు హార్డు డిస్కు. బల్లపై తీగ యొక్కటియు కనబడక ముచ్చటగా నుండెను. ఆ యేర్పాటు మాదే యగుటచే మాకు కొంత గర్వము కూడ కలిగినదని ఒప్పుకొనవలెను.

మూడవనాడు వారు మా తరగతి వాకిట నిలిచి, తొమ్మిదవ తరగతి పట్టికలో ఒక బాలికకు పడవలసిన 71 మార్కులు క్రింది వరుసలోని బాలునికి పడినవనియు, రెండవసారి సరిచూచుకొనుటచేతనే ఆ తప్పు దొరకినదనియు చెప్పిరి. "నా చేయి వణకుచున్నది కాబోలు. వ్రేలు జరుపుచునే యున్నాను, బాణము కదలక నిలిచిపోవుచున్నది. పిమ్మట ఒక్క దుముకున వేరొక వరుసలో పడుచున్నది. ఈ పని ఇక చిన్నవారి కెవరికైన అప్పగింపుడు" అనిరి.

ఆ మాట మమ్ము నొప్పించెను. ఆ యుదయముననే వారు ఎనిమిదవ తరగతిలో దారము గాని వృత్తలేఖిని గాని లేకుండ నల్లబల్లపై వృత్తము గీయుట మేము కిటికీలోనుండి చూచి యుంటిమి. ఎచ్చట మొదలిడిరో, ఎచ్చట ముగించిరో తెలియరాలేదు. అట్టి చేయి వణకుచున్నదని నమ్ముట మాకు కష్టమాయెను. రెండు దినములు గడువిమ్మని కోరి, కంప్యూటరు గదిలో చొరవగా మెలగు తొమ్మిదవ తరగతి బాలు నొకనిని, బాలిక నొకతెను తోడు తీసికొని వెదకుటకు పూనుకొంటిమి.

దోషమును వెదకుటకు ముందు, వ్రేలి కదలిక తెరపై బాణముగా మారువరకు నడచు దారిని తెలిసికొనవలెను. ట్రాక్‌ప్యాడు పైతలము క్రింద సన్నని వాహకముల వల యొకటి కలదు. మన దేహము విద్యుత్తును గొనిపోవునది గనుక, వ్రేలు తాకినచోట ఆ వలయొక్క కెపాసిటెన్సు కొంచెము మారును. ఆ మార్పును లోపలి చిప్పు సెకనుకు అనేక పర్యాయములు కొలిచి, వ్రేలి స్థానమును అంకెలుగా మార్చును. ఆ యంకెలు బ్లూటూత్ రేడియో తరంగములపై లాప్‌టాపునకు చేరును. లాప్‌టాపు వానిని లెక్కించి, బాణమును క్రొత్తచోట చిత్రించి, ఆ చిత్రమును తీగగుండ మానిటరునకు పంపును. మానిటరు దానిని మన కంటికి చూపును. ఇంత ప్రయాణమును రెప్పపాటుకంటె తక్కువ కాలములో జరుగుచుండుటచే మనకు తెలియదు. ఎచ్చటనైన ఆటంకము కలిగిననాడే తెలియును.

కనుక ఆలస్యమునకు తావులు మూడు: రేడియో, లాప్‌టాపు, తెర. మా మిత్రులు అనుమానించిన చేయి నాలుగవది. ఈ మూటివలని ఆలస్యము ఒకే రీతిని ఉండదని పలువు రెరుగరు. తెరవలన కలుగు ఆలస్యము ఎల్లప్పుడు ఒకే కొలతగా నుండును. బాణము నీళ్లలో నడచినట్లు వెనుకబడి వచ్చునుగాని దుమకదు. లాప్‌టాపు పనిభారమున క్రుంగినప్పుడు బాణ మొక్కటియే గాక, టైపుచేయు అక్షరములు, తెరచు కిటికీలు అన్నియు నిదానించును. రేడియో చెడినప్పుడు మాత్రము బాణము కాసేపు చక్కగా నడచి, కాసేపు నిలిచి, ఒక్కసారిగా దుముకును. మా మిత్రులు చెప్పినది ఈ మూడవ రీతియే. అయినను వినికిడిపై నిర్ణయించుట తగదని ఒక్కొక్కటిగా పరీక్షించితిమి.

తెరను గూర్చి ఇచ్చట నాలుగు మాటలు చెప్పవలెను. ఏలయన, లాప్‌టాపును టీవీకి తగిలించుకొను తలిదండ్రులకు ఎదురగునది తరచుగా ఈ చిక్కే. మానిటరు సాధారణముగా సెకనుకు 60 పర్యాయములు చిత్రమును మార్చును. అనగా ఒక్కొక్క చిత్రమునకు 16.7 మిల్లీసెకనులు. అదే 30 పర్యాయములే మార్చినచో 33.3 మిల్లీసెకనులు పట్టును, బాణము బరువెక్కినట్లు తోచును. హెచ్‌డీఎమ్ఐ 1.4 అను పాత పద్ధతి 4కే తెరకు సెకనుకు 30 చిత్రములకు మించి మోయలేదు. 2013లో వచ్చిన 2.0 పద్ధతి 60 మోయగలదు. క్రొత్త మానిటరు, క్రొత్త లాప్‌టాపు ఉండియు, నడుమనున్న పాత అడాప్టరు మూలమున 30 వద్దనే ఆగిపోయిన ఇండ్లు కలవు. లాప్‌టాపు సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే అనుచోట రిఫ్రెష్ రేటును చూచినచో ఆ సంఖ్య తెలియును. ఇక టీవీ, చిత్రమునకు మెరుగులు దిద్దుటకై దానిని కొంతసేపు తనవద్ద ఆపుకొనును. సినిమా చూచువారికి దానివలన నష్టము లేదు. బాణము నడుపువారికి విసుగు పుట్టును. టీవీలో గేమ్ మోడ్ అను ఏర్పాటున్నచో దానిని ఎన్నుకొనిన ఆ మెరుగులు ఆగి, ఆలస్యము తగ్గును. మా యింటి టీవీ ఇట్లే మమ్ము ఒక నెల బాధించెను. ఆటలకు సంబంధించినదని ఆ మాటను మేము తాకనైన లేదు.

మా కార్యాలయపు మానిటరు 60 వద్దనే యుండెను. ఇక లాప్‌టాపును, తెరను ఒక్కసారి పరీక్షించుటకు తీగ గల మౌసును హబ్బునకు తగిలించి, తక్కినవానిని వేనిని కదపక, అదే పట్టికలో బాణమును నడిపితిమి. అది వెన్నవలె సాగెను. తెర అదే, లాప్‌టాపు అదే, పట్టిక అదే. మారినది వ్రేలినుండి లాప్‌టాపునకు పోవు దారి మాత్రమే. కావున తెరయు లాప్‌టాపును నిర్దోషులని తేలెను. ట్రాక్‌ప్యాడును దాని తీగతోనే తగిలించి చూచుట ఇంకను మేలైన పరీక్ష. ఆపిల్‌వారి మ్యాజిక్ ట్రాక్‌ప్యాడు 2015 నుండి ఇట్లు తీగపై కూడ పనిచేయును. మాది తీగతో చార్జి మాత్రమే పొందు రకము.

ఇచ్చట మేమొక పొరపాటు చేసితిమి. లాప్‌టాపులోని సొంత ట్రాక్‌ప్యాడును కూడ చూతమని మూత తెరచితిమి. అది చక్కగా నడచెను. పిమ్మట తీగ లేని దానిని ముట్టుకొనగా, అదియు మునుపటికంటె బాగుగా నడచుచుండెను. వ్యాధి తనంతట తానే కుదిరినదని మేము సంతోషించుచుండగా, బాలిక మెల్లగా, "మాస్టరుగారూ, మనము ట్రాక్‌ప్యాడును పరీక్షించుటకు మూత తెరచితిమి గదా, అప్పుడు మూత కూడ మారినది" అనెను. నిజమే. ఒక్క పరీక్షలో రెండు మార్పులు చేసి, ఏది కారణమో తెలియకుండ చేసికొంటిమి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు మొట్టమొదట నేర్పిన పాఠమది. దానిని ఆ దినమున తొమ్మిదవ తరగతి బాలిక తిరిగి అప్పగించెను. మూత మరల మూసితిమి. దుముకు మరల వచ్చెను.

మూతకును రేడియోకును సంబంధ మేమి? బ్లూటూత్ ఆంటెన్నా పెక్కు లాప్‌టాపులలో తెర అంచునందో, మూత బందుల దగ్గరనో అమర్చబడి యుండును. మూత మూసినప్పుడు అది లోహపు రేకుల నడుమ ఇరుకుకొనును. దానికితోడు మేము లాప్‌టాపును మానిటరు వెనుక దాచితిమి. చెవిలో దూది పెట్టుకొని, గోడచాటున నిలిచి, దూరమున పిలుచు వాని మాట వినుమన్నట్లున్నది మా యేర్పాటు. అయినను మూత తెరచినపుడు బాధ తగ్గెనేగాని పూర్తిగా పోలేదు. కనుక వేరొక కారణము కూడ ఉండవలెను.

దానిని గ్రహించుటకు బ్లూటూత్ ఎట్లు మాటలాడునో తెలియవలెను. దానికి కేటాయింపబడిన రేడియో పట్టీ 2.4 గిగాహెర్ట్జ్ నుండి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు. ఆ పట్టీ సంతవంటిది. లైసెన్సు అక్కరలేదు గనుక అందరును అచ్చటికే చేరుదురు: వైఫై రౌటర్లు, తీగ లేని మౌసులు, చెవిలో పెట్టుకొను ఇయర్‌బడ్లు. వంటింటి మైక్రోవేవ్ ఓవెను కూడ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరనే పనిచేయుచు కొంత కలకలము చేయును. సంతలో ఇద్దరు మిత్రులు మాటలాడుకొనవలెనన్న ఒకేచోట నిలిచిన లాభము లేదు. ముందుగా ఒక వరుస అనుకొని, ఇప్పుడు చింతచెట్టు క్రింద, మరుక్షణము బావి దగ్గర, ఆ పిమ్మట బండ్ల దగ్గర అని చోటు మార్చుచు పలుకరించుకొనవలెను. బ్లూటూత్ చేయునదిదే. సంప్రదాయ పద్ధతిలో అది పట్టీని 79 చానళ్లుగా విభజించుకొని, సెకనుకు 1600 పర్యాయములు చానలు మార్చును. తక్కువ శక్తితో నడచు పద్ధతిలో చానళ్లు 40. 2003లో వచ్చిన 1.2వ రూపమునుండి, గందరగోళముగా నున్న చానళ్లను గుర్తించి వానిని తప్పించుకొను నేర్పు కూడ దానికి అబ్బినది.

ఇట్లు చానళ్లు మార్చుచు మాటలాడు ఆలోచనకు 1942 ఆగస్టులో అమెరికాలో ఒక పేటెంటు లభించెను. దానిని పొందినవారు వియన్నాలో పుట్టిన సినిమా నటి హెడీ లామార్, సంగీతకర్త జార్జ్ ఆంథైల్. శత్రువులు టార్పీడోల రేడియో సంకేతములను చెడగొట్టకుండుటకై, పియానో మెట్లెన్నియో అన్ని, అనగా 88, పౌనఃపున్యముల మధ్య దుముకు సాధనమును వారు ఊహించిరి. బ్లూటూత్ ఆ పేటెంటునుండియే పుట్టినదని కొందరు వ్రాయుట అతిశయోక్తి. ఆ భావము వేరువేరు చోట్ల వేరువేరు వారికి తట్టినది. సంగీతము నేర్చు మా విద్యార్థులకు ఈ సంగతి ప్రియముగా నుండునని వ్రాసితిమి.

సందేశ మొకటి చెడిపోయినచో బ్లూటూత్ దానిని మరల పంపును. ఇదియే నిలిచిపోయి దుముకుటకు కారణము. ట్రాక్‌ప్యాడు "ఇచ్చట, ఇచ్చట, ఇచ్చట" అని చెప్పుచునే యున్నది. ఆ పలుకులు చేరవు. బాణము నిలిచి యుండును. పిదప ఒక్కటి చేరగానే బాణము వ్రేలు ఇప్పుడున్నచోటికి ఒక్కసారి పరుగెత్తును. చూచువానికి చేయి వణకినట్లే యుండును. ఆ క్షణముననే వ్రేలు నొక్కినచో క్రింది వరుసలో 71 మార్కులు పడుటలో ఆశ్చర్యమేమి?

ఇన్ని చానళ్లలో ఒక్కటియు దొరకనంతటి గోల మా బల్లపై ఎచ్చటిది? సంతలో ఒక మూల అరచువాని నుండి మరియొక మూలకు తప్పించుకొనవచ్చును. సంత నడుమ బియ్యపు మర ఆడుచున్నచో ఎచ్చటికి పోయినను దాని హోరే. మా బల్లపై అట్టి మర హార్డు డిస్కు రూపమున నుండెను. 2008లో వెలువడిన యూఎస్‌బీ 3.0 పద్ధతి సెకనుకు 500 కోట్ల బిట్లను తీగలో పరుగెత్తించును. అంత వేగమున ఎక్కిదిగు విద్యుత్తు ఒక్కచోట గాక విశాలమైన రేడియో పట్టీ అంతటను హోరును వెదజల్లును, 2.4 గిగాహెర్ట్జ్ ఆ విశాలములోనే పడును. ఇంటెల్ సంస్థ 2012లో ఈ విషయముపై ఒక పత్రము ప్రకటించెను. యూఎస్‌బీ 3.0 హార్డు డిస్కును తగిలించినపుడు దగ్గరి ఆంటెన్నాకు తగులు హోరు దాదాపు 20 డెసిబెల్ పెరిగినదని వారు కొలిచిరి. 20 డెసిబెల్ అనగా శక్తిలో నూరు రెట్లు. హోరు వచ్చునది తీగనుండియు, తీగ దూరు రంధ్రమునుండియు, డిస్కునుండియు. రంధ్రమునకును డిస్కునకును మంచి లోహపు తొడుగు ఉన్నచో తగ్గును. ఆంటెన్నాకు దూరముగా నుంచినను తగ్గును.

ఈసారి జాగ్రత్తపడితిమి. మూత మూసియే యుంచి, హార్డు డిస్కు నొక్కదానినే సక్రమముగా విడదీసి తొలగించితిమి. బాలుడు గడియారము చూచుచు, బాలిక బాణమును నడుపుచు, దుముకులు లెక్కించిరి. డిస్కు ఉన్నపుడు ఒక్క నిమిషములో 14 దుముకులు, తీసినపుడు 2. మరల తగిలించిరి, మరల తీసిరి. మూడు మారులును లెక్క కొంచెము హెచ్చుతగ్గులతో అట్లే వచ్చెను. డిస్కును తీసియుంచి మూత కూడ తెరచినపుడు ఆ రెండును పోయెను.

చేసిన మార్పులు స్వల్పములు. లాప్‌టాపును మానిటరు వెనుకనుండి తెచ్చి ఎడమ ప్రక్కన మూత తెరచి నిలిపితిమి. ట్రాక్‌ప్యాడునకును దానికిని నడుమ ఏ అడ్డును లేదు. హబ్బును ఆవలి వైపునకు జరిపితిమి. డిస్కును సాయంకాలము పని ముగిసిన తరువాత తగిలించి, నకలు తీసికొని, మరల విడదీయవలెనని నియమము పెట్టితిమి. నకలు తీయుట మానరాదు. మార్కుల పట్టికకు నకలు లేకుండుట బాణము దుముకుటకంటె పెద్ద ప్రమాదము. వైఫైని 5 గిగాహెర్ట్జ్ పట్టీకి మార్చితిమి. అది మా కొలతలో పెద్ద తేడా చూపలేదు గాని, రౌటరు బల్లపైనే ఉన్నవారికి తప్పక చూపును.

మిగిలిన కారణములను ఒక్కమాటుగా చెప్పుదుము. ట్రాక్‌ప్యాడు బ్యాటరీ అడుగంటినచో ముందుగా చార్జి చేయుడు. ఇయర్‌బడ్లలో పాట వినుచు బాణము నడుపువారు, ఆ రెండును ఒకే రేడియోను పంచుకొనుచున్నవని యెరిగి, ఒకసారి వానిని ఆపి చూడవలెను. ఉక్కు బల్లపై పెట్టినవారు చెక్కబల్లపై పెట్టి చూడవచ్చును. చెమట చేయి, కొబ్బరినూనె చేయి ట్రాక్‌ప్యాడునకు పడవు. హాస్టలు విద్యార్థులు తల దువ్వుకొని నేరుగా కంప్యూటరు గదికి వచ్చుట మేమెరుగుదుము. పొడిగుడ్డతో తుడిచిన చాలును. సామాన్యముగా జనులు మొదట చేయునది బ్లూటూత్ జాబితానుండి ట్రాక్‌ప్యాడును తొలగించి మరల జతచేయుట. అది ఒక్కొక్కప్పుడు ఫలించును. అయితే హోరు గల బల్లపై అట్లు చేసినచో ఒక గంట ఉపశమించినట్లు తోచి, మరల మొదటికే వచ్చును. ఆ గంట మనలను మోసపుచ్చును. క్రొత్త ట్రాక్‌ప్యాడు కొనుటకు పరుగెత్తువారు డబ్బు పోగొట్టుకొని, ఆ క్రొత్తదానిని అదే హోరులో పెట్టుదురు.

మూడవనాడు మా మిత్రులను పిలిచి కూర్చుండబెట్టితిమి. వారు మాటలాడక ఒక చిత్రలేఖన పుటను తెరచి, ట్రాక్‌ప్యాడుపై వ్రేలు త్రిప్పి ఒక వృత్తము గీసిరి. నల్లబల్లపై గీసినంత చక్కగా రాలేదు. "ఇది చేతి దోషమా, యంత్రపు దోషమా?" అని వారే నవ్వుచు అడిగిరి. పిమ్మట, అంతకుముందు మూడు దినములలో ఎక్కించిన మార్కులన్నిటిని మొదటినుండి జవాబుపత్రములతో సరిచూచిరి. మరి రెండు తప్పులు దొరకెను. రెండును ఒక వరుస క్రిందికి పడినవే. ఆ భారమును ఇంకొకరి కప్పగించు మాట తిరిగి రాలేదు. బాలుడు హబ్బును ఎవ్వరును యథాస్థానమునకు జరుపకుండ దారముతో బల్లకాలికి కట్టివేసెను. అది నేటికిని అట్లే యున్నది.